వీక్షణ ప్రాంతాల పక్కన ఎలుగుబంట్ల ట్రోఫీ వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలోనూ, అమెరికాలోని అలాస్కాలోనూ గ్రిజ్లీ ఎలుగుబంట్లను, అంటే అక్కడి గోధుమరంగు ఎలుగుబంట్లను, దగ్గరగా చూడగలిగే చోట్లు ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఆనుకునే ఎలుగుబంట్ల వేట కూడా సాగింది. కొన్నిచోట్ల ఇప్పటికీ సాగుతోంది. వాంకూవర్, సియాటిల్ వైపు ఉండే తెలుగువాళ్లూ, వేసవికి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లూ ఈ యాత్రలకు వెళ్లాలనుకున్నప్పుడు ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నా పక్షం ముందే చెబుతాను. వీక్షణ ప్రాంతాల చుట్టుపక్కల ట్రోఫీ వేట ఉండకూడదని నా గట్టి నమ్మకం. వేటను సమర్థించేవాళ్ల మాటల్లో బలమున్న చోట దాన్ని తగ్గించి చెప్పలేదు.

ఇంతకీ గొడవ దేని మీద?

జూలై నెలలో ఒక ఎలుగుబంటి వాగులో నిలబడి సాల్మన్ చేపలు పడుతుంటుంది. ఒడ్డున పదిమంది మనుషులు కూర్చుని చూస్తుంటారు. అది ఒకసారి తల తిప్పి చూసి, మళ్లీ తన చేపల పనిలో పడుతుంది. ఏళ్ల తరబడి వచ్చిపోయే మనుషుల వల్ల తనకు ఏ హానీ జరగలేదు కాబట్టి వాళ్లను పట్టించుకోవడం మానేసింది. అక్టోబరు వచ్చేసరికి అదే ఎలుగు కొంత దూరం నడిచి, మ్యాపులో మాత్రమే కనిపించే ఒక గీత దాటుతుంది. గీతకు అవతల లైసెన్సున్న వేటగాడు దాన్ని కాల్చవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. ఎలుగు మాత్రం పారిపోదు, ఎందుకంటే మనిషిని చూసి పారిపోనక్కర్లేదని మనుషులే దానికి నేర్పారు.

ఇలాంటి ఎలుగును కాల్చడం వేట కిందికి వస్తుందా, గీత ఎక్కడ గీయాలి, ఆ జంతువు మీద ఎవరికి హక్కు ఉంది అన్నవే ఈ వివాదంలోని ప్రశ్నలు.

ట్రోఫీ వేటకూ మామూలు వేటకూ తేడా ఏమిటి?

మాంసం కోసం చేసేది ఒకటి, తోలూ పుర్రే గోళ్లూ ఇంట్లో అలంకరించుకోవడానికి చేసేది మరొకటి. అలాస్కాలో దుప్పినో, మూస్ అనే పెద్ద దుప్పి జాతి జంతువునో కొడితే మాంసం వదిలేయడం నేరం. గ్రిజ్లీ విషయంలో మాత్రం చాలాచోట్ల తోలు, పుర్రె తెచ్చుకుంటే చాలు, మాంసం అడవిలో వదిలి రావచ్చు. బ్రిటిష్ కొలంబియాలో కూడా నిషేధానికి ముందు ఇదే పద్ధతి. గ్రిజ్లీ వేటను ట్రోఫీ వేట అనడానికి ఈ నిబంధన ఒక్కటే సరిపోతుందని నా అభిప్రాయం. ఆ మాట నచ్చని వేటగాళ్లు ఉన్నారు. కొందరు మాంసం తింటారు కూడా. కానీ విదేశాల నుంచి వచ్చి, గైడుకు వేల డాలర్లు ఇచ్చి, గ్రిజ్లీని కొట్టేవాళ్లు మాంసం కోసం రావడం లేదు.

వీక్షణ ప్రాంతం అంటే జూ లాంటిదా? కంచె ఉంటుందా?

ఉండదు. అన్నిటికంటే పేరున్న ఉదాహరణ అలాస్కాలోని మెక్నీల్ నది. ఆంకరేజ్‌కి నైరుతి దిక్కున, కుక్ ఇన్‌లెట్ పడమటి తీరంలో ఉంది. రోడ్డు లేదు, నీటి మీద దిగే చిన్న విమానంలో వెళ్లాలి. 1967లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 1973 నుంచి పర్మిట్ పద్ధతి నడుస్తోంది. లాటరీలో పేరు వచ్చినవాళ్లలో రోజుకు పదిమందికే జలపాతం దగ్గరికి అనుమతి. అలాస్కా వన్యప్రాణి శాఖ ఉద్యోగులు తుపాకీతో వెంట ఉంటారు. గుడారాల నుంచి జలపాతానికి రెండు మైళ్లకు పైగా బురద, గడ్డి, వాగు దాటి నడవాలి. అక్కడ గులకరాళ్లు పరిచిన చిన్న జాగాలో కూర్చుని చూడాలి. అంతకుమించి ఏర్పాట్లేమీ లేవు.

జూలైలో చమ్ సాల్మన్ చేపలు నదిలోకి ఎదురీదుతూ వచ్చేటప్పుడు ఎలుగుబంట్లు గుంపులుగా చేరతాయి. ఒకే సమయంలో 74 ఎలుగుల్ని లెక్కపెట్టిన సందర్భం ఉంది. ఒక్క వేసవిలో 144 వేర్వేరు ఎలుగుల్ని గుర్తుపట్టిన ఏడాదీ ఉంది. ప్రపంచంలో ఇంతగా గోధుమరంగు ఎలుగుబంట్లు ఒక్కచోట చేరే తావు మరొకటి లేదంటారు. పాలిచ్చే తల్లి మనుషులకు కొన్ని గజాల దూరంలోనే వెల్లకిలా పడుకుని పిల్లలకు పాలివ్వడం అక్కడ వింత కాదు. 1973 నుంచి అక్కడ ఎలుగు వల్ల ఒక్క మనిషికీ గాయం కాలేదు. నాకు మళ్లీ మళ్లీ ఆశ్చర్యం కలిగించేది ఈ సంగతే.

ఎలుగుబంట్లు మనుషులకు అలవాటు పడటం ప్రమాదం కదా?

రెండు రకాల అలవాట్లు ఉన్నాయి. వీటిని కలగలిపి మాట్లాడటం వల్ల ఈ చర్చలో సగం గందరగోళం పుడుతోంది.

మొదటిది మనిషి ఉనికికి అలవాటు పడటం. మనుషులు ఎప్పుడూ ఒకే వేళకు వస్తారు, ఒకే దారిన నడుస్తారు, ఒకే చోట కూర్చుంటారు, ఏమీ ఇవ్వరు, ఏమీ చేయరు. ఎలుగుకు ఆ మనుషులు రాయీరప్పలతో సమానం అవుతారు. రెండోది మనిషి తిండికి అలవాటు పడటం. చెత్తకుండీ, చేపల బుట్ట, కారులో వదిలిన రొట్టె. ఒకసారి ఆ రుచి తెలిసిన ఎలుగు తిండి కోసం మనిషి దగ్గరికి వస్తుంది, ఇవ్వకపోతే లాక్కుంటుంది. మనుషుల్ని గాయపరిచే ఎలుగుల కథల్లో ఈ రెండో అలవాటు తరచుగా కనిపిస్తుంది.

మెక్నీల్‌లో మొదటి అలవాటుకు చోటిచ్చారు, రెండోదాన్ని పూర్తిగా అరికట్టారు. తిండి అంతా క్యాంపులోని వంటగదిలోనే ఉంటుంది. ఎలుగులు క్యాంపులోకి రాకుండా తరుముతారు. జలపాతం దగ్గర మాత్రం వాటికి దారి వదులుతారు. లారీ ఆమిలర్ అనే జీవశాస్త్రవేత్త దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే పనిచేసి ఈ పద్ధతిని స్థిరపరిచారు. తర్వాత వచ్చిన ఎన్నో వీక్షణ ప్రాంతాలు ఆయన దగ్గరే నేర్చుకున్నాయి.

మరి ప్రమాదం ఎవరికి? మొదటి అలవాటు వల్ల మనుషులకు ముప్పు తక్కువ. ముప్పంతా ఎలుగుకే. అది తుపాకీకీ కెమెరాకీ తేడా గుర్తుపట్టలేదు.

అభయారణ్యంలో వేట నిషిద్ధమే కదా, ఇంకేం ఇబ్బంది?

ఇబ్బంది గీత దగ్గర మొదలవుతుంది. మగ గ్రిజ్లీ ఏడాదిలో వందల చదరపు కిలోమీటర్లు తిరుగుతుంది. వసంతంలో ఒకచోట గడ్డి, వేసవిలో మరోచోట చేప, శరత్తులో ఇంకోచోట పండ్లు. మనం గీసిన అభయారణ్యం దాని ఇంట్లో ఒక గది మాత్రమే.

అలాస్కాలోనే కాట్మాయ్ ఉంది. కాట్మాయ్ జాతీయ పార్కులో వేట లేదు. దాన్ని ఆనుకుని 1980 నాటి చట్టంతో ఏర్పడిన కాట్మాయ్ ప్రిజర్వ్‌లో మాత్రం వేటకు అనుమతి ఉంది. పేర్లు దాదాపు ఒకటే, కొండలూ వాగులూ కలిసే ఉంటాయి. వేసవిలో ప్రిజర్వ్‌లోని మొరైన్, ఫనెల్ అనే వాగుల దగ్గరికి పర్యాటకులు ఎలుగుల్ని చూడటానికి వస్తారు. కాట్మాయ్ ఉన్న అలాస్కా ద్వీపకల్పంలో ఎలుగుల వేట బేసి సంవత్సరాల్లో అక్టోబరులో, సరి సంవత్సరాల్లో మేలో జరుగుతుంది. అంటే బేసి సంవత్సరంలో కెమెరాలు వెళ్లిపోయిన కొన్ని వారాలకే తుపాకులు వస్తాయి. 2007 శరత్తులో అక్కడ ఎలుగుల్ని కాల్చిన దృశ్యాలు అలాస్కా టీవీలో వచ్చినప్పుడు జనం మండిపడ్డారు. ఆ ఎలుగులు వేటగాళ్లను చూసి కూడా కదలకుండా ఉండటమే చాలామందిని కలచివేసింది. చట్టం ప్రకారం అక్కడ ఏ తప్పూ జరగలేదని అధికారులు చెప్పారు. అదీ నిజమే. మార్చాల్సింది చట్టాన్నే.

మెక్నీల్ చుట్టూ కూడా వేట తెరిచారని విన్నాను. నిజమా?

తెరవబోయి ఆగారు. అలాస్కాలో వేట నియమాలను బోర్డ్ ఆఫ్ గేమ్ అనే సంఘం నిర్ణయిస్తుంది. ఏడుగురు సభ్యులు, నియమించేది గవర్నర్. అభయారణ్యాన్ని ఆనుకున్న కమిషాక్ ప్రాంతంలో ఎలుగుల వేటకు 2005లో ఈ బోర్డు ఒప్పుకుంది. ఆ ఏడాదే లారీ ఆమిలర్ ఉద్యోగం వదిలేశారు. మనిషిని నమ్మమని ఎలుగులకు నేర్పి, తర్వాత వాటిని వేటకు వదిలేయడం తన మనసుకు ఒప్పలేదని బహిరంగంగానే చెప్పారు. అలాస్కా నుంచీ, బయట నుంచీ వ్యతిరేకత వెల్లువెత్తింది. వేట మొదలు కావాల్సిన 2007లోనే బోర్డు తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

దీని నుంచి నేను గ్రహించింది ఒకటుంది. ఈ రక్షణలు శాశ్వతం కావు. ఏడుగురిలో నలుగురి ఓటుతో వస్తాయి, నలుగురి ఓటుతో పోతాయి. పక్కనున్న ప్రాంతాల గురించి ప్రతిపాదనలు బోర్డు ముందుకు మళ్లీ వస్తూనే ఉండగలవు.

వేటగాళ్ల వాదన ఏమిటి?

ఒక్కొక్కటిగా వింటే కొట్టిపారేసేది కాదు.

అలాస్కాలో సుమారు 30,000 గోధుమరంగు ఎలుగులు ఉన్నాయి. అంతరించే దశలో లేవు. వేట పరిమితంగా, లెక్క ప్రకారం సాగుతుంది కాబట్టి మొత్తం సంఖ్యకు నష్టం లేదంటారు. పిల్లలతో ఉన్న తల్లిని కొట్టడం నిషిద్ధం. అమెరికాలో తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణి సంరక్షణకు వెళుతుంది. ఎన్నో రాష్ట్రాల్లో జీవశాస్త్రవేత్తల జీతాలు వేటగాళ్ల డబ్బుతోనే నడుస్తున్నాయి. మారుమూల ఊళ్లలో గైడు పని తప్ప వేరే బతుకుతెరువు లేని కుటుంబాలు ఉన్నాయి. ఇక వేట తమ తాతముత్తాతల నుంచి వస్తున్న జీవన విధానమనీ, నగరాల్లో కూర్చున్నవాళ్లు దాన్ని తీసేయమనడం అన్యాయమనీ అంటారు.

వీటిలో చివరి రెండూ నన్ను ఆలోచింపజేస్తాయి. అడవిలో పెరిగి అడవిని ఎరిగిన గైడు బతుకును తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ నేను అడిగేది అలాస్కా మొత్తంలో వేట ఆపమని కాదు. ఆ రాష్ట్రం ఎంతో విశాలమైనది. మనుషులకు అలవాటు పడ్డ ఎలుగులు తిరిగే కొద్దిపాటి నేలను వదిలేయమంటున్నాను. వేటగాళ్లే గౌరవించే ఒక నియమం ఉంది. జంతువుకు తప్పించుకునే న్యాయమైన అవకాశం ఇవ్వాలన్నది ఆ నియమం. మనిషిని చూసి కదలని ఎలుగుకు ఆ అవకాశం ఎక్కడుంది? ఈ మాట చెప్పి, అలాంటి చోట తుపాకీ ఎత్తనన్న వేటగాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది.

మొత్తం సంఖ్య తగ్గనప్పుడు ఒకటీ రెండూ పోతే ఏమవుతుంది?

గ్రిజ్లీ చాలా నెమ్మదిగా పెరిగే జంతువు. ఆడ ఎలుగు తొలి ఈత ఈనేసరికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఈతకు ఒకటి నుంచి మూడు పిల్లలు. అవి రెండు మూడేళ్లు తల్లి వెంటే తిరుగుతాయి. ఆ తర్వాతే తల్లి మళ్లీ కడుపుతో ఉంటుంది. ఒక మంచి ఆడ ఎలుగు పోతే ఆ లోటు పూడటానికి పదేళ్లు సరిపోకపోవచ్చు. దూరం నుంచి చూసి ఆడో మగో చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

మగవాటిని మాత్రమే కొట్టినా చిక్కు తీరదు. ఆ చుట్టుపక్కల ఆధిపత్యం ఉన్న పెద్ద మగ ఎలుగు చనిపోతే కొత్త మగవి వస్తాయి. తమవి కాని పిల్లల్ని అవి చంపడం ఎలుగుబంట్లలో ఉన్నదే. స్వీడన్‌లో చేసిన పరిశోధనలో, పెద్ద మగవాటిని వేటలో చంపిన తర్వాత పిల్లల మరణాలు పెరిగాయని 1997లో ప్రచురించారు. ఉత్తర అమెరికాలో ఈ ప్రభావం అంత స్పష్టంగా లేదనే శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు.

సంఖ్యను పక్కన పెట్టినా చూసేవాళ్లకు జరిగే నష్టం వేరే ఉంది. తోడేళ్ల మీద చేసిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. అలాస్కాలోని డెనాలి జాతీయ పార్కు సరిహద్దు బయట కొంత మేర తోడేళ్ల వేట నిషేధించిన ఏళ్లలో, పార్కు లోపల తోడేళ్లు కనబడే అవకాశం రెట్టింపుకు పైగా ఉందని 2016లో తేలింది. తోడేళ్ల మొత్తం సంఖ్యకు పెద్ద మార్పు రాకపోయినా, రోడ్డు దగ్గర మసిలే కొద్ది తోడేళ్లు పోతే చూడవచ్చినవాళ్లకు ఏమీ కనబడదు. ఎలుగుల విషయంలోనూ ఇలాగే జరిగే అవకాశం ఉంది. వీక్షణ ప్రాంతాన్ని నిలబెట్టేది ఆ చుట్టుపక్కల తెలిసిన పాతిక ముప్పై ఎలుగులే.

డబ్బు లెక్కలో ఏది మేలు?

గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్ అనేది బ్రిటిష్ కొలంబియా మధ్య, ఉత్తర తీరాల్లో పరుచుకున్న మహారణ్యం. అక్కడి 2012 లెక్కలతో సెంటర్ ఫర్ రెస్పాన్సిబుల్ ట్రావెల్ సంస్థ 2014లో ఒక నివేదిక ఇచ్చింది. ఎలుగుల్ని చూడటానికి వచ్చినవాళ్లు 1.51 కోట్ల డాలర్లు ఖర్చు పెడితే, వేటకు వచ్చినవాళ్ల ఖర్చు 12 లక్షల డాలర్లు. అంటే పన్నెండు రెట్లు. చూపించే సంస్థల్లో 510 ఉద్యోగాలు, వేట గైడు సంస్థల్లో 11.

ఇవి ఒక తీరప్రాంతపు లెక్కలు. లోతట్టు కొండల్లో, విమానం దిగే తావు కూడా లేని చోట్ల, చూడటానికి వచ్చేవాళ్లు ఉండరు, వేటగాళ్లే వస్తారు. ఈ అంకెల్ని అక్కడికి అన్వయించకూడదు. కానీ మనం మాట్లాడేదే వీక్షణ ప్రాంతాల గురించి కాబట్టి, అక్కడ లెక్క ఎటు మొగ్గుతుందో స్పష్టం. కాల్చిన ఎలుగు ఒక్కసారే డబ్బు తెస్తుంది.

బ్రిటిష్ కొలంబియా గ్రిజ్లీ వేటను ఎలా ఆపగలిగింది?

ఒక్కరోజులో కాలేదు. కెనడాలో గ్రిజ్లీల కోసం ప్రత్యేకించిన తొలి అభయారణ్యం ఖుట్జీమటీన్ 1994లో ప్రిన్స్ రూపర్ట్ దగ్గర ఏర్పడింది. 2001 ఫిబ్రవరిలో ఉజ్జల్ దోసాంజ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా గ్రిజ్లీ వేటను కొంతకాలానికి ఆపింది. దోసాంజ్ మన పంజాబులో పుట్టినవాడు. ఆ ఏడాదే ఎన్నికల్లో ఓడిపోయాడు. కొత్త ప్రభుత్వం కొన్ని నెలల్లోనే వేటను మళ్లీ తెరిచింది.

అప్పుడు తీరంలోని సంరక్షకులు వేరే దారి పట్టారు. ఆ రాష్ట్రంలో బయటి నుంచి వచ్చే వేటగాళ్లను తీసుకెళ్లే హక్కు ఒక్కో ప్రాంతానికి ఒక్కో గైడు సంస్థకు ఉంటుంది, దాన్ని అమ్ముకోవచ్చు. రెయిన్‌కోస్ట్ కన్సర్వేషన్ ఫౌండేషన్ 2005లో విరాళాలు పోగుచేసి ఇరవై వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతంలో ఆ హక్కును కొనేసింది, కొని వేట ఆపేసింది. తర్వాత మరికొన్ని కొన్నారు. చట్టం కదలనప్పుడు డబ్బుతో వేటను కొని పడుకోబెట్టిన ఈ ఎత్తు నాకు చాలా నచ్చింది. దానికో పరిమితి ఉంది. రాష్ట్రంలో ఉండే స్థానిక వేటగాళ్లకు ఈ కొనుగోలు వర్తించలేదు, వాళ్లు లాటరీలో పర్మిట్ తెచ్చుకుని వేటాడగలిగేవారు.

2012లో తీరంలోని ఫస్ట్ నేషన్స్, అంటే అక్కడి ఆదివాసీ జాతులు, తమ నేలల్లో ట్రోఫీ వేట నిషిద్ధమని తామే ప్రకటించాయి. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని గుర్తించలేదు. 2013 మేలో క్వాట్నా నది ముఖద్వారంలో ఒక గ్రిజ్లీని కాల్చారు. అక్కడి హెయిల్ట్‌సుక్ అనే ఆదివాసీ జాతి పరిశీలకులు ఏళ్లుగా చూస్తున్న, ముద్దుపేరు పెట్టుకున్న ఎలుగు అది. కాల్చింది ఒక ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఆటగాడు. తెగిన తల పట్టుకుని దిగిన ఫోటో పత్రికల్లో వచ్చింది. రాష్ట్ర నివాసి అనిపించుకోవడానికి కావాల్సిన అర్హత అతనికి లేదని తేలి, 2016లో కోర్టు 10,000 డాలర్ల జరిమానా, మూడేళ్ల వేట నిషేధం విధించింది. శిక్ష పడింది లైసెన్సు తప్పుకు. నివాస అర్హత ఉండి ఉంటే ఏ శిక్షా ఉండేది కాదు. ఆ ఫోటో చూసిన మామూలు జనానికి ఈ సంగతి అర్థమైన తర్వాత ప్రజాభిప్రాయం బలంగా మారింది.

2017లో ప్రభుత్వం మారింది. ఆగస్టులో ట్రోఫీ వేటను ఆపుతామని, మాంసం కోసమైతే ఉంచుతామని ప్రకటించారు. గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్‌లో మాత్రం పూర్తి నిషేధం అన్నారు. మాంసం పేరు చెప్పి ట్రోఫీ వేట కొనసాగుతుందని జనం అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం అభిప్రాయాలు అడిగితే 78 శాతం పూర్తి నిషేధం కోరారు. 2017 డిసెంబరు 18న రాష్ట్రమంతటా గ్రిజ్లీ వేట ఆగిపోయింది. అప్పటికి ఆ రాష్ట్రంలో సుమారు 15,000 గ్రిజ్లీలు ఉన్నాయని అంచనా, ఏడాదికి 250 దాకా వేటలో పోయేవి.

ఈ నిషేధం నుంచి ఆదివాసులకు మినహాయింపు ఎందుకు ఇచ్చారు?

తిండి కోసం, ఆచారాల కోసం వేటాడటం కెనడా రాజ్యాంగం గుర్తించిన వాళ్ల హక్కు. ఇది అన్యాయమని వాదించేవాళ్లు ఉన్నారు కానీ నేను ఒప్పుకోను. ఈ నిషేధం కోసం అందరికంటే ముందు నిలబడ్డది ఆ జాతులే. తమ నేలలో ఎలుగుల్ని కాపాడటానికి పరిశీలకుల్ని పెట్టుకున్నదీ వాళ్లే. క్లెమ్టు అనే చిన్న ఊళ్లో కిటాసూ హైహైస్ జాతి సొంతంగా స్పిరిట్ బేర్ లాడ్జ్ నడుపుతోంది. చేపల వృత్తి దెబ్బతిన్న ఊరికి ఇప్పుడు ఎలుగుల్ని చూపించడం ఒక ఆదరువు.

అక్కడే ఇంకో చిక్కు. స్పిరిట్ బేర్ అంటే తెల్లని బొచ్చుతో పుట్టే నల్ల ఎలుగు. తెల్లదాన్ని చంపడం ఎప్పటి నుంచో నిషిద్ధం. కానీ ఆ తెలుపు తెచ్చే జన్యువు నల్లగా కనిపించే ఎలుగుల్లోనూ దాగి ఉంటుంది. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఉంటేనే పిల్ల తెల్లగా పుడుతుంది. నల్లవాటిని కొడుతూ తెల్లవాటిని కాపాడటం కుదరదని ఆ జాతులు పట్టుబట్టాయి. 2022లో కిటాసూ హైహైస్, గిట్‌గాట్ నేలల్లో ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైగా నల్ల ఎలుగుల వేటనూ మూసేశారు.

వేట ఆగితే ఎలుగులు క్షేమమేనా?

కాదు. బ్రిటిష్ కొలంబియా ఆడిటర్ జనరల్ 2017 అక్టోబరులో ఇచ్చిన నివేదిక, గ్రిజ్లీలకు అన్నిటికంటే పెద్ద ముప్పు వేట కాదని, వాటి ఆవాసాన్ని మనుషులు పాడుచేయడమేనని స్పష్టంగా చెప్పింది. కలప కోసం, గ్యాస్ కోసం వేసిన మట్టిరోడ్లు, కొండల్లో పెరిగిన ఊళ్లు, తగ్గిన సాల్మన్. ఈ నివేదికను వేట సమర్థకులు తరచూ ముందుకు తెస్తారు. సరిగ్గానే తెస్తారు. వేట ఆపామని సంబరపడి రోడ్ల సంగతి మరిచిపోతే మనం చేసింది సగం పనే.

అలాస్కాలో వేరే రకం ముప్పు వచ్చింది. ముల్చాట్నా మంద అనే కరిబూల (ఒక రకం జింకల) గుంపు తగ్గిపోయిందని, దాన్ని పెంచడానికంటూ 2023 వసంతంలో రాష్ట్ర ఉద్యోగులే హెలికాప్టర్ల నుంచి 94 గోధుమరంగు ఎలుగుల్ని కాల్చారు. ఇది ట్రోఫీ వేట కాదు. కానీ కాట్మాయ్‌లో తిరిగే ఎలుగులు ఎంత దూరం వెళ్లగలవో తెలిసినవాళ్లందరూ కలవరపడ్డారు.

యెల్లోస్టోన్‌లో ఏమైంది?

యెల్లోస్టోన్ అమెరికాలోని ఒక జాతీయ పార్కు, ఎక్కువ భాగం వ్యోమింగ్ రాష్ట్రంలో ఉంది. 2017లో ఆ ప్రాంతపు గ్రిజ్లీలకు కేంద్ర ప్రభుత్వ రక్షణ తీసేశారు. 2018లో వ్యోమింగ్ రాష్ట్రం 22 దాకా గ్రిజ్లీల వేటకు సిద్ధమైంది. లాటరీకి వేల దరఖాస్తులు వచ్చాయి. వేటను వ్యతిరేకించేవాళ్లు కూడా దరఖాస్తు చేసి, పర్మిట్ వస్తే తుపాకీ కాక కెమెరా పట్టుకెళతామన్నారు. ఫోటోగ్రాఫర్ థామస్ మాంగెల్సన్‌కు నిజంగానే లాటరీలో పేరు వచ్చింది. సెప్టెంబరులో ఫెడరల్ జడ్జి డానా క్రిస్టెన్సెన్ రక్షణను తిరిగి పెట్టడంతో వేట మొదలవకుండానే ఆగింది.

యెల్లోస్టోన్‌కు దగ్గర్లోని గ్రాండ్ టీటన్ పార్కులో రోడ్ల పక్కనే పిల్లల్ని పెంచి లోకమంతా పేరు తెచ్చుకున్న 399 నంబరు ఆడ ఎలుగు ఆ రోజుల్లో ఈ చర్చకు ముఖంగా మారింది. వేటగాడి చేతికి చిక్కుతుందేమోనని ఎందరో భయపడ్డారు. 2024 అక్టోబరులో, 28 ఏళ్ల వయసులో, అది ఒక వాహనం ఢీకొని చనిపోయింది.

చూడటానికి వెళ్లడం వల్ల కూడా ఎలుగులకు హాని ఉంది కదా?

ఉంది. పిరికి ఎలుగులు, ముఖ్యంగా మనుషులకు అలవాటు పడని పెద్ద మగవి, జనం ఉన్నంతసేపూ నదికి రాకపోవచ్చు. చలికాలం నిద్రకు కొవ్వు కూడబెట్టుకునే రోజుల్లో పోగొట్టుకున్న ప్రతి గంటా వాటికి నష్టమే. పడవలు ఎక్కువైనా, డ్రోన్లు ఎగరేసినా, ఫోటో కోసం దగ్గరికి జరిగినా ఆ నష్టం పెరుగుతుంది. అందుకే రోజుకు పదిమంది అన్న మెక్నీల్ పద్ధతి నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. ఇంకా ఎక్కువమందిని పంపితే ఎక్కువ డబ్బు వస్తుందని తెలిసీ అక్కడ పెంచలేదు.

మన దేశంలో ఎలుగుబంట్ల వేట ఉందా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. నల్లమలలోనూ, తెలుగు నేలలోని ఇతర అడవుల్లోనూ ఉండే మన ఎలుగుబంటి ఆ చట్టంలోని మొదటి షెడ్యూల్‌లో ఉంది. కాబట్టి ట్రోఫీ ప్రశ్న మనకు లేదు. మన ప్రశ్న వేరు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి, కొబ్బరితోటల్లోకి ఎలుగులు వస్తుంటాయి. మనుషులు గాయపడ్డారు, ప్రాణాలూ పోయాయి. తెల్లవారకముందే తోటకు వెళ్లాల్సిన రైతుకు ఎలుగు అంటే భయమే తప్ప ముచ్చట కాదు. అక్కడి బాధను, మెక్నీల్‌లో కెమెరా పట్టుకున్నవాళ్ల ఆనందంతో పోల్చి తీర్పు చెప్పకూడదు.

మేము వెళ్లాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

బుక్ చేసే ముందు నిర్వాహకుణ్ణి సూటిగా ఒక ప్రశ్న అడగండి: మీరు తీసుకెళ్లే చోట, దాని చుట్టుపక్కల, శరత్తులోనో వసంతంలోనో ఎలుగుల వేట జరుగుతుందా? నిజాయితీ ఉన్న నిర్వాహకులు దాచరు. కాట్మాయ్ అని చెబితే పార్కా, ప్రిజర్వా అని అడగండి. ప్రిజర్వ్‌కు వెళ్లకూడదని నేను అనను. వెళ్లి చూసినవాళ్లే ఆ వేటకు వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడారు.

మెక్నీల్‌కు వెళ్లాలంటే మార్చి 1 లోపు లాటరీకి దరఖాస్తు చేయాలి. పేరు రావడం కష్టం. రాకపోతే కాట్మాయ్ పార్కులోని బ్రూక్స్ జలపాతం ఉంది. అక్కడ జూలైలో చెక్క వేదికల మీద నిలబడి చూడవచ్చు, చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కుటుంబాలకు అదే అనువు. కాట్మాయ్‌లో ఎలుగుకు కనీసం 50 గజాలు, యెల్లోస్టోన్‌లో 100 గజాలు దూరం పాటించాలి. మన పెద్దవాళ్లు సంచిలో పెట్టుకునే జంతికలూ పులిహోరా అన్నీ నిర్వాహకుడు చెప్పిన చోటే ఉంచాలి. ఒక్క ముక్క కూడా దారిలో పడకూడదు. మీదికొచ్చే ఎలుగును ఆపడానికి వాడే కారపు స్ప్రే డబ్బాను విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలి లేదా అద్దెకు తీసుకోవాలి.

తిరిగి వచ్చాక చేయగలిగింది కూడా ఉంది. అలాస్కా బోర్డ్ ఆఫ్ గేమ్ తన ప్రతిపాదనలను ముందుగా ప్రకటించి జనం అభిప్రాయాలు రాతపూర్వకంగా తీసుకుంటుంది. అలాస్కాలో ఉండనివాళ్లు కూడా రాయవచ్చు. ఎక్కడికి వెళ్లారో, ఎన్ని రోజులు ఉన్నారో, ఎంత ఖర్చు పెట్టారో, ఏ ఎలుగును చూశారో వివరంగా రాయండి. నకలు పంపినట్టుండే మూకుమ్మడి సందేశాల కంటే ఇలా సొంత వివరాలతో వచ్చే ఉత్తరానికే సభ్యులు ఎక్కువ విలువ ఇస్తారని నా నమ్మకం.